టైటిల్ వద్దన్నవాడు

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ కూడా తేలలేదు. పన్నెండేళ్లుగా తేలనిది ఇవాళ తేలుతుందని పోవడం నా బుద్ధి తక్కువ.

ప్రశ్న ఒకటే. ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ ఒక్కసారి కూడా గెలవని బాక్సర్లందరిలో గొప్పవాడు ఎవడు? నా జవాబు శామ్ లాంగ్‌ఫర్డ్. మునిరత్నం మామ జవాబు క్యూబా వాడు, టియోఫిలో స్టీవెన్‌సన్. మామ అమ్మకు తమ్ముడు కావచ్చు, రైల్వే ఉద్యోగం చేస్తూ ఒకప్పుడు నిజంగానే రింగులోకి దిగిన హెవీవెయిట్ కావచ్చు, నేను జన్మలో ఒక్క గ్లవ్వు తొడగని చరిత్ర లెక్చరర్ని కావచ్చు. వాదనకు ఇవేవీ అర్హతలు కావు. వాదనకు అర్హత ఆధారం.

ఆధారాలు పెట్టాను. లాంగ్‌ఫర్డ్ ఐదడుగుల ఏడంగుళాల మనిషి. తనకన్నా జానెడు ఎత్తున్నవాళ్లను పడగొట్టాడు. జాక్ జాన్సన్ చాంపియన్ కాకముందు ఒకసారి అతనితో తలపడ్డాడు, చాంపియన్ అయ్యాక మళ్లీ ఎదురుపడలేదు. ఆ తర్వాత వచ్చిన తెల్ల చాంపియన్లు నల్లవాడితో ఆడేది లేదని గీత గీశారు. చూపు పోతున్నా అతను ఆడాడు. చివరికి న్యూయార్కులో ఒక గదిలో గుడ్డివాడై కూర్చొని ఉంటే, ఒక విలేకరి వెతికి పట్టుకొనేదాకా బతికున్నాడని లోకానికి గుర్తు లేదు. ఇంతకన్నా ఏం కావాలి?

మామ తిన్నె మీద కూర్చొని చెనక్కాయలు ఒలుస్తూ విన్నాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా ఆయన వాకిట్లో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు.

"అంతా సరే అల్లుడా. వాడు గొప్పోడే, కాదనను. మావోడు మూడు ఒలింపిక్స్‌లో బంగారం కొట్టినాడు. లక్షల డాలర్లు ఇస్తాము, ప్రొఫెషనల్‌గా రా, అలీతో ఆడు అంటే వొద్దు పోబ్బా అన్యాడు. టైటిల్ దొరకనోళ్లు ఊరికి పదిమంది ఉంటారు. దొరికేదాన్ని వొద్దన్నోడు యాడుండాడో సూపీ."

"అతను అమెచ్యూర్లో ప్రపంచ చాంపియన్. అదీ మూడుసార్లు. మన లిస్టులోకే రాడు."

"అది వేరే టైటిలు."

"టైటిల్ టైటిలే మామా."

"నీ ఇంట్లో గోడకి క్యూబా జెండా యేలాడతా ఉండాది గదరా! మీవోణ్ణే నేను నిలబెడితే నీకేం మంట?"

జెండా సంగతి వేరు. వద్దనేవాడికి జరిగిన అన్యాయం ఏముంది? అదే అన్నాను.

"అదిగో. నీకు అన్యాయం జరిగినోడే కావాల. వొద్దన్నోడు నీ లెక్కలోకి రాడు."

ఈ మాటకు జవాబు ఉంది. దారిలో తట్టింది. వచ్చే వారం చెప్తాను.

చివర్లో నవ్వించడానికి పోలండు వాడు గొలోటా పేరు ఎత్తాను. రిడిక్ బోతో రెండుసార్లు ఆడి, రెండుసార్లూ గెలుస్తూ గెలుస్తూ, నడుం కింద గుద్ది అనర్హుడైన మహానుభావుడు. మామ నవ్వలేదు. ఎనుముకు నీళ్లు పెట్టాలని లేచిపోయాడు. ఎప్పుడూ అంతే. గొలోటా పేరెత్తితే ఆ ఎనుముకు దప్పికేస్తుంది.

వస్తుంటే పంచలో దుర్యోధనుడి కిరీటం ఎండకు పెట్టి ఉంది. మామ ఊళ్లో ఏటా పద్దెనిమిది రోజులు ఆడే భారతం దగ్గరపడింది. మే పదిహేనున ధర్మరాజుల గుడి దగ్గర జెండా ఎత్తుతారు, పద్దెనిమిదో రోజు జూన్ ఒకటిన దుర్యోధన వధ. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ వేషం మామదే. గుడి బయల్లో పడుకోబెట్టిన పెద్ద మట్టిబొమ్మ మీదికెక్కి గద తిప్పుతాడు, భీముడి చేత తొడ మీద దెబ్బ తిని కూలిపోతాడు. భీముడు మాత్రం హరినాథ్ ఇంటి సొత్తు. తాత, తండ్రి, ఇప్పుడు హరినాథ్. కమిటీ అధ్యక్షుడూ అతనే. అతను గద ఎత్తితే ఉలవల మూట ఎత్తినట్టుంటుంది.

తిరుపతికి తిరిగొస్తూ చంద్రగిరి కోట దగ్గర స్కూటర్ ఆపేశాను. ఇన్నేళ్లు నాకెందుకు తట్టలేదు? లాంగ్‌ఫర్డ్ మా ఇంట్లోనే ఉన్నాడు.


ఏప్రిల్ 22

రాసేశాను. ఒక్క దెబ్బకు మూడు పేజీలు. "గెలిచే వేషం వాళ్లది, చచ్చే వేషం మాది." నేను నడిపే నాలుగు పేజీల పత్రిక 'నిలదీత'లో మూడు పేజీలు ఒకే వ్యాసానికి ఇవ్వడం ఇరవై రెండేళ్లలో ఇదే మొదలు.

మామ 1985లో గూడూరులో రాష్ట్ర జట్టు సెలెక్షన్ బౌట్ గెలిచాడు. గెలిచినా నేషనల్స్‌కు పోలేదని అమ్మ చెప్పేది. ఎందుకు పంపలేదో మనకు తెలియనిదా? ఎడమ కనుబొమ్మ మీద ఇప్పటికీ ఉన్న మచ్చ గురించి కూడా రాశాను. "ఈ మచ్చ ఒక మనిషిది కాదు, ఒక వ్యవస్థది." బాగా వచ్చింది.

నా భార్య కృపామణి డ్యూటీకి పోతూ చదివింది. నర్సు కదా, ఎక్కడ నొక్కితే నొప్పో తెలుసు.

"మామను అడిగినావా?"

"లాంగ్‌ఫర్డును అడిగి రాశారా చరిత్రకారులు?"

"లాంగ్‌ఫర్డు సచ్చిపోయినాడు. మామ చంద్రగిరి అవతల ఉండాడు. అరగంట."


ఏప్రిల్ 27, ఆదివారం

ప్రెస్సులో ప్రూఫులు. మామ దగ్గరికి పోలేదు. పని అలాంటిది.


మే 1

సంచిక వచ్చింది. మేడే నాడు రావడం నేను ఏర్పాటు చేసింది కాదు, అలా కుదిరింది. (కొంచెం ఏర్పాటు చేశాను.)


మే 3

హరినాథ్ ఫోన్.

"ఏమప్పా లెక్చరరూ, సదివినాము. మా తాతను, మా నాయనను, నన్ను ఒకే పేరాలో ఉతికి ఆరేసినావు. బాగుండాది. కమిటీ కూర్చున్యాము. ఈ యేడు భీముడు మునిరత్నమే. దుర్యోధనుడు మా చిన్నాయన కొడుకు యేస్తాడు. ఫ్లెక్సీకి గూడా ఇచ్చేసినాము. సంతోషమేనా?"

ఇరవై రెండేళ్లలో 'నిలదీత' అడిగినదానికి ఎవరైనా సరే అనడం ఇదే మొదలు. ఏం చెయ్యాలో తోచక ఇల్లు ఊడ్చాను.


మే 4, ఆదివారం

మైసూర్‌పాక్ తీసుకొని పోయాను. మామకు కబురు ముందే అందింది. పత్రిక మడిచి కిరీటం కింద పెట్టి ఉంచాడు.

"మంచిది నాయనా," అన్నాడు. అల్లుడా అనలేదు. ఒరే అనలేదు.

పోయినసారి ఆయనన్న మాటకు నా జవాబు మొదలుపెట్టాను. సగంలో ఆపి, "నువ్వు చెప్పేదే కరెక్టు, లాంగ్‌ఫర్డే గొప్పోడు," అన్నాడు.

పన్నెండేళ్ల వాదన గెలిచాను.

దారిలో స్కూటర్ ఆగిపోయింది. రెండు కిలోమీటర్లు తోసుకొచ్చాను. సంతోషంతో ఆయనకు మాట రాలేదని నా అంచనా.


మే 7

మామ ఫోను ఎత్తలేదు.


మే 8

ఎత్తలేదు. పొలంలో ఉంటాడు.


మే 9

ఆ పక్క టవర్ సమస్య ఉందని ఎవరో అన్నారు.


మే 11, ఆదివారం

ఇంటికి తాళం. ఎనుము కట్టేసి ఉంది, తొట్టిలో నీళ్లు తాజాగా ఉన్నాయి. అంటే నా స్కూటర్ చప్పుడు విని పోయాడు.

గంటసేపు తిన్నె మీద కూర్చున్నాను. టైటిల్ దొరకని ఇంకో బాక్సర్ జెర్రీ క్వారీ గురించి ఎనుముతో చర్చించాను. అది చెవులాడించింది. అంతకన్నా తెలివితక్కువ శ్రోతలకు పాఠాలు చెప్పాను.


మే 13

నేనేం తప్పు చేశాను? అడుగుతున్నాను. వేషాలకు ఇంటిపేర్లు చూడటం తప్పు. తప్పును తప్పన్నాను. ఆ తప్పు దిద్దారు. లాభం ఎవరికి? మామకు. మరి మామ దాక్కోవడం దేనికి? మనవాళ్లతో వచ్చిన చిక్కే ఇది, గెలుపు ఇస్తే పట్టుకోవడం రాదు. దీనిమీద ఒక వ్యాసం

లేదు. రాయను.

ఆదివారం పొద్దున ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఇవాళ మంగళవారమే.


మే 17

ఊళ్లో భారతం మొదలై మూడో రోజు. కృపామణి మామకు బీపీ చూడటానికి పోయి సాయంత్రం వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నా ఎదుట నిలబడింది.

"ఆయన గద ముట్టలేదు. భీముడు యేసేది లేదంట. దుర్యోధనుడి యేసం పోయిందంట. తిండి సగం మానేసినాడు."

"మరి నాతో చెప్పొచ్చు కదా!"

"నీతోనా? నువ్వు వింటావా, వాదిస్తావా? నీకు బయపడి తాళమేసుకొని చింతతోపులో కూర్చుంటా ఉండాడు ఆ మనిషి. రింగులో ఎవురికీ బయపడనోడు."

నాకు భయపడటం ఏమిటి. నేను ఎప్పుడూ గొంతు పెంచను.

(పెంచుతాను.)


మే 18, ఆదివారం

స్కూటర్ను ఊరి బయటే ఆపి నడిచి పోయాను. పొద్దున ఆరు. మామ పాలు పిండుతున్నాడు. పాలు పిండే మనిషి లేచిపోలేడు. ఎనుమును ఈసారి నా పక్షానికి తిప్పుకున్నాను.

"భీముడు వెయ్యనన్నావంట."

"కృప సెప్పిందా?"

"ముప్పై తొమ్మిదేళ్లు చచ్చే వేషం వేశావు. గెలిచే వేషం ఇప్పిస్తే..."

"ఇప్పీమని నేను అడిగినానా?"

బకెట్లో పాలధార చప్పుడు. నేను నోరు తెరిచాను. కృపామణి మాట గుర్తొచ్చి మూశాను. మామే మొదలుపెట్టాడు, ఎనుము పొదుగుతో మాట్లాడుతున్నట్టు.

"నువ్వు రాసిందంతా నిజమే చంద్రా. ఇంటిపేరు సూసి వేషమిచ్చేది తప్పే. లాంగ్‌ఫర్డుకు గీత గీసింది తప్పే. అంతా నిజమే. ఒక్క నేను తప్ప."

"నిన్ను నేషనల్స్‌కు పంపలేదు కదా?"

"పంపినారు. నేనే పోలా."

గూడూరు బౌట్‌లో ఎదుటివాడు ప్రేమానందం. అక్కడి నిమ్మకాయల మార్కెట్లో మూటలు మోసేవాడు. ఇద్దరిలో గెలిచినవాడు రాష్ట్ర జట్టులోకి.

"మూడో రౌండు. నేను ఓడిపోతా ఉండా. రెఫరీ వాని ఈపు పక్క ఉన్యాడు. నడుం కింద గుద్దినా. జారిన దెబ్బ కాదు అల్లుడా, తెలిసే గుద్దినా. వాడు మోకాళ్ల మీద కూలబడి నన్ను సూసినాడు. రెఫరీని కాదు, నన్ను. పది లెక్కబెట్టి నా చెయ్యి పైకెత్తినారు."

"తర్వాత?"

"టిక్కెట్టు వచ్చింది. రేణిగుంటలో రైలెక్కినా. గూడూరులో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద నిమ్మకాయల మూటలు. వాసన. పెట్టె తీసుకొని దిగేసినా. అవతల ప్లాట్‌ఫారానికి పోయి ఎదురు బండి ఎక్కి ఇంటికొచ్చినా."

నలభై ఏళ్లలో ఇది మా అమ్మకు కూడా చెప్పలేదు.

"మరుసటేడు భారతంలో దుర్యోధనుడు యేసేవోడు జరంతో పడినాడు. ఒడ్డూ పొడుగూ ఉండాది, నువ్వు యెయ్యి అన్యారు. హరినాథ్ వాళ్ల నాయన తొడ మీద కొట్టినాడు. నడుం కింద. ఊరంతా సూస్తా ఉండంగా. ఆ పొద్దు నాకు బాగా నిద్ర పట్టింది."

పాలు అయిపోయాయి. అయినా లేవలేదు.

"ఏటికి ఒక్క దెబ్బరా. దాన్ని గూడా పీకేస్తివి. పీకి, గద నా చేతికిచ్చి నువ్వు కొట్టు అంటా ఉండారు. ఆ దెబ్బ ఒకతూరి కొట్టినా. సాలు."

ఈ మాటకు జవాబు దారిలో కూడా తట్టలేదు.

"ఇదంతా పత్రికలో రాస్తావా?" అన్నాడు.

"రాయను మామా."

"రాయకుండా ఉండగలవా?"

బకెట్ నేనే ఇంట్లోకి మోశాను. సగం నా పంట్లాం మీద ఒలికింది. మామ చూసి నవ్వుతాడనుకున్నాను.

స్టీవెన్‌సన్ ఎందుకో ఇప్పుడు అర్థమైంది అని రాయబోయి ఆగాను. అర్థమైందని రాయడం నాకు మొదటి నుంచీ సులువు.


మే 20

గూడూరు పోయాను. మామ కోసం కాదు. వచ్చే సంచికలో సవరణ వెయ్యాలంటే నిజం సరిచూసుకోవాలి కదా. సెలవులే. రెండు గంటల రైలు. రెండే గంటలు. నలభై ఏళ్లు.

మార్కెట్లో ఎవరిని అడిగినా చూపించారు. తెల్ల చొక్కా, బట్టతల, మామ వయసే. కుప్ప ముందు కూర్చొని కాయలు ఏరుతున్నాడు. ఎడమ చేత్తో తీయడం, కుడిచేత్తో పుచ్చిన కాయను విసరడం. ఆ కుడి చెయ్యి ఇంకా సూటిగా పోతోంది.

"మునిరత్నం గారి మేనల్లుణ్ణి," అన్నాను.

చేతిలో కాయ అలాగే పట్టుకొని అడిగాడు: "ఆయన కనుబొమ్మ బాగయిందా?"

వ్యవస్థ గురించి నేను రాసిన వాక్యం గుర్తొచ్చి చెవులు కాలాయి.

"రెండో రౌండులో నా తలకాయతో గుద్దినా అబ్బయ్యా. కావాలనే. నెత్తురు కంట్లోకి కారతా ఉంటే ఆయనకేం కనపడద్ది? పాయింట్లన్నీ నాకే వచ్చినాయి."

"తర్వాత ఆయన కొట్టిన దెబ్బ?"

"నడుం కిందా? తగిలినోణ్ణి, నాకు తెలవదా ఏంది! అప్పీలు చెయ్యమని మావోళ్లు ఒకటే పోరు. ఏ మొకం పెట్టుకొని చేసేది? చెల్లుకు చెల్లు అనుకొన్యా. తిరపతిలో మా చెల్లెలు ఉంది. పోయినప్పుడల్లా ఆ రైల్వే షెడ్డు రోడ్డు తొక్కకుండా చుట్టు తిరిగి పోతా, ఆయన ఎదురుపడతాడేమోనని." కాస్త ఆగాడు. "ఇంతకీ నేషనల్స్‌లో ఏం చేసినాడు?"

"పోలేదు."

"పోలా? గెలిచి పోలా? ఎందుకని?"

జీవితంలో మొదటిసారి, జవాబు తెలిసీ చెప్పలేదు. ఆయన నా మొహం చూశాడు. చేతిలోని కాయను మెల్లగా మంచివాటిలో పెట్టాడు.

"పిచ్చి నాయాల," అన్నాడు. ఎవరిని అన్నాడో నేను అడగలేదు.

జూన్ ఒకటిన దుర్యోధన వధ అని మాత్రం చెప్పాను. మామ ఏ వేషం వేస్తాడో చెప్పలేదు, నాకే తెలియదు. వస్తానని అనలేదు, రానని అనలేదు. సంచి నిండా నిమ్మకాయలు ఇచ్చాడు.

ఇంటికొచ్చి, ఇప్పుడే మామకు ఫోన్ చేసి చెప్పేస్తానన్నాను. కృపామణి ఫోన్ లాక్కుంది.

"వాళ్లిద్దరి మ్యాచ్ అది. నువ్వు రెఫరీవి గూడా కాదు."


మే 22

ధర్మరాజుల గుడి మండపంలో హరినాథ్ ఎదుట నిలబడ్డాను. కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

"మామకు దుర్యోధనుడి వేషం తిరిగి ఇచ్చెయ్యండి."

"అంటే పత్రిక తప్పా?"

"పత్రిక తప్పు కాదు. నేను తప్పు."

"ఏమన్యావు? హరికథ మైకులో సరిగ్గా ఇనపడలా."

మైకు ఆపేసే ఉంది. మళ్లీ చెప్పాను. ఈసారి పూర్తిగా: వేషానికి ఇంటిపేరు చూడటం తప్పే, దానిమీద వెనక్కి తగ్గను, అడగకుండా మామ పేరు వాడుకోవడం నా తప్పు. హరినాథ్ కళ్లు మూసుకొని పాయసం తాగినట్టు విన్నాడు.

"సరే. ఒక్క షరతు. బొమ్మకు ఊళ్లో ఇంటికొక తట్ట మట్టి వస్తాది. మీ అమ్మగారి ఇంటి తట్టను నువ్వు మూఢనమ్మకమని ఇరవై యేండ్ల కిందట ఆపిస్తివి. ఎడమ తొడ ఎప్పుడూ పలచనే. ఈ తూరి ఆ తట్ట నువ్వు మోయాల."

"మోస్తాను. నాదీ ఒక షరతు. వచ్చే ఏటి నుంచి భీముడి వేషం చీటీలేసి ఇవ్వాలి, అన్ని వీధుల పేర్లతో. మినిట్స్ బుక్కులో రాయాలి."

"అడుక్కొనేదానికి వచ్చి షరతు పెడతా ఉండావే!"

"నిలదీతకు అలవాటు."

నవ్వాడు. బుక్కు తెప్పించి రాశాడు, సంతకం పెట్టాడు. ఉలవల మూట మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఈ పుస్తకంలో మాత్రమే.

లేచేటప్పుడు ఒక సంగతి చెప్పాడు. "నాయన పోయినంక పదకొండేండ్లుగా నేనే కొడతా ఉండా. పడినప్పుడల్లా మీ మామ మెల్లగా ఒక మాట అంటాడప్పా. 'సరిగ్గా తగిలింది, సంతోషం' అని. అట్లెందుకంటాడు?"

తెలియదన్నాను. అబద్ధం. ఈ వారంలో జవాబు తెలిసీ దాచడం ఇది రెండోసారి.


మే 25, ఆదివారం

సవరణ రాశాను. "గత సంచికలో శ్రీ మునిరత్నం గారిని నేషనల్స్‌కు పంపలేదని రాశాను. అది తప్పు. పంపారు, ఆయనే వెళ్లలేదు. కారణం ఆయన సొంతం. ఆయనను అడగకుండా రాసినందుకు క్షమాపణ." ఐదు వాక్యాలు. మూడు పేజీల కన్నా ఎక్కువసేపు పట్టింది.

సాయంత్రం మామ ఫోన్. "కిరీటానికి అద్దాలు రాలిపోయినాయి. వచ్చేటప్పుడు తిరపతిలో తీసుకోరా."

రా! అన్నాడు.


మే 31

తట్ట మోశాను. మెడ పట్టేసింది. నలభై అడుగుల దుర్యోధనుడు బయల్లో వెల్లకిలా పడుకొని ఉన్నాడు, తొడలో ఎర్రనీళ్ల కుండకు గుంత వదిలారు. ఆ గుంత చుట్టూ మట్టి నేనే మెత్తాను. ఒక ముసలమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని పర్యవేక్షించింది. "దేవుడు లేడనేవోడు గదా, సేతులు బాగనే ఆడతా ఉండాయి. ఇంగ రోంత ఎత్తు పెట్టు నాయనా, మొగోని తొడ అది."

మామ పక్కన నిలబడి చూశాడు. వేలితో తొడ నొక్కి చూసి తలూపాడు.


జూన్ 1, ఆదివారం

తొమ్మిది గంటలకే ఎండ నెత్తిన. చేతికి ఏది దొరికితే దానితో రాస్తున్నాను, ఈ కాగితం ఫ్లెక్సీ కొలతలు రాసుకున్న కమిటీవాళ్ల కాగితం వెనుక. తర్వాత అంటించుకోవాలి.

మామ బొమ్మ ఛాతీ మీద, హరినాథ్ పాదాల దగ్గర. డప్పులు. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఆ మట్టి మీద పక్కకు జరగడం చూశాను, ముందు ఎడమ కాలు, వెంట కుడి కాలు. ఇన్నేళ్లూ నేను ఆ గుడి మీద వ్యాసాలు రాశాను కానీ ఆ కాళ్లు చూడలేదు. రింగు నడక అది. హరినాథ్ మూడుసార్లు గద విసిరాడు, మూడుసార్లూ గాలికి. జనం ఈలలు. నాలుగోసారి మామ నిలబడిపోయాడు. తనే నిలబడ్డాడు. గద మామ తొడను తాకి బొమ్మ తొడ మీద పడింది, కుండ పగిలింది, ఎర్రనీళ్లు చిమ్మాయి, మామ మట్టిమీద వెల్లకిలా కూలాడు. డప్పులు ఆగాయి. ఇక ద్రౌపది వచ్చి కురులు తడుపుకొని ముడి వేసుకోవాలి. ఆ నిశ్శబ్దంలో జనం వెనక నుంచి ఒక గొంతు:

"ఫౌల్! ఫౌల్ అబ్బయ్యా! నడుం కింద కొట్టినాడు! రెఫరీ యాడ చచ్చినాడు?"

తెల్ల చొక్కా. బట్టతల. చేతిలో నిమ్మకాయల సంచి.

ఊరంతా వెనక్కి తిరిగింది. హరినాథ్ గద పట్టుకొని నా వైపు చూశాడు, ఇది కూడా నీ పనేనా అన్నట్టు. మామ కళ్లు తెరిచాడు. పడుకొనే మెడ తిప్పి చూశాడు. అంత దూరం నుంచి గుర్తుపట్టాడో లేదో నాకు తెలియలేదు. ప్రేమానందం తన నుదురు మీద రెండుసార్లు తట్టుకొని, వేలితో మామ కనుబొమ్మ వైపు చూపించాడు.

మామ చెయ్యి మెల్లగా లేచి ఎడమ కనుబొమ్మను తాకింది. అక్కడే ఉండిపోయింది.

ముందు పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. చచ్చిన దుర్యోధనుడు పకపకా నవ్వుతున్నాడు, కిరీటం ఊడి దొర్లిపోయింది, కొత్త అద్దాలతో సహా. ద్రౌపది వేషగాడు సవరం చేతపట్టుకొని అరిచాడు: "మామా! సచ్చినోడు నగతాడా? పండుకో సామీ, నా జడ ఎండిపోతా ఉండాది!"

"రెఫరీ సూడలేదబ్బా!" అని అరిచాడు మామ, మట్టిమీద నుంచే.

"ఇద్దర్నీ సూడలా!" అని జనంలోంచి ప్రేమానందం జవాబు.

కృపామణి నా చొక్కా పట్టుకొని లాగకపోతే నేను కూడా ఏదో అరిచేవాణ్ణి. నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. నాకు మాత్రం ధూళి పడింది.


జూన్ 8, ఆదివారం

ఇవాళ కూడా తేలలేదు.

తిన్నె మీద ముగ్గురం. ప్రేమానందం మొదటి బండికి వచ్చాడు. ఆయన జవాబు ఎర్నీ షేవర్స్. లారీ హోమ్స్ అంతటివాణ్ణి ఏడో రౌండులో నేలకు కొట్టిన గుద్దు గుద్దా, పిడుగా అంటాడు. పడినవాడు లేచాడు కదా అంటే, "లేచేది వాడి గొప్ప, పడేసేది వీడి గొప్ప, రెండూ కలపబాక" అంటాడు. ఇది తర్కం కాదు. మామకు నచ్చింది.

నేను లాంగ్‌ఫర్డును వదల్లేదు. వదలను. మామ స్టీవెన్‌సన్‌ను వదల్లేదు. అన్యాయం జరిగినవాడు వేరు, వద్దన్నవాడు వేరు, లిస్టును రెండుగా చేద్దామని ప్రతిపాదించాను. ఇద్దరూ ఒక్కటై ఒప్పుకోలేదు. "ఓడిపోయేటప్పుడు రింగునే రెండు చేస్తానంటాడు సూడు మా వోడు," అన్నాడు మామ.

మధ్యలో గొలోటా పేరు వచ్చింది. ఎత్తింది నేను కాదు, ప్రేమానందం.

నేను ఎనుము వైపు చూశాను. మామ లేవలేదు. తొట్టి నిజంగానే ఖాళీగా ఉంది. నేనే లేచి రెండు బిందెల నీళ్లు పోసి వచ్చాను. వచ్చేసరికి మామ చెనక్కాయల చేట పక్కకు జరిపి, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకొని అంటున్నాడు:

"రెండుతూర్లూ గెలస్తా ఉన్నోడబ్బా వాడు. అయినా ఏంటికి కొట్టినాడో నేను సెప్తా, ఇనండి."